టార్గెట్ తరుముతుంటే కొత్త ఆలోచన ఎక్కడ ఆగిపోతుంది?

ఒక సాఫ్ట్‌వేర్ సపోర్ట్ టీమ్‌ను ఊహించుకుందాం. రాత్రిపూట డేటానంతా ఒకేసారి ప్రాసెస్ చేసే ఒక ప్రోగ్రామ్ (బ్యాచ్ జాబ్) వారానికి మూడుసార్లు మధ్యలో ఆగిపోతుంది. ఆగినప్పుడల్లా ఒక టికెట్, అంటే సరిచేయమనే ఫిర్యాదు, పడుతుంది. షిఫ్టులో ఉన్నవాళ్లు లాగ్ చూసి, ఇరుక్కుపోయిన రికార్డును పక్కకు తీసి, జాబ్‌ను మళ్లీ నడిపించి టికెట్ మూసేస్తారు. మొత్తం 20 నిమిషాల పని. అసలు లోపం ఎక్కడుందో టీమ్‌లో ఇద్దరు ముగ్గురికి తెలుసు. పైనుంచి వచ్చే ఫైల్లో తేదీ ఖాళీగా ఉన్న రికార్డు తగిలితే ప్రోగ్రామ్ కూలబడుతుంది. దాన్ని సరిదిద్ది, టెస్ట్ చేసి, ప్రొడక్షన్‌లోకి, అంటే అసలు వాడకంలో ఉన్న వ్యవస్థలోకి, పంపాలంటే 24 గంటల పని పడుతుంది.

లెక్క వేసి చూడండి. ఏడాదికి 156 టికెట్లు, ఒక్కోదానికి 20 నిమిషాలు, మొత్తం 52 గంటలు. 24 గంటలు ఖర్చుపెడితే ఏటా 52 గంటలు మిగులుతాయి. ఇంత లాభం కళ్లకు కడుతుంటే ఎవరైనా ఎందుకు ఆగుతారు? ఎందుకంటే వాళ్ల రేటింగ్ లెక్క మూడు నెలలకోసారి తేలుతుంది. మూడు నెలలంటే 13 వారాలు, 39 టికెట్లు, 13 గంటలు. ఆ గడువులో చూస్తే 24 గంటలు పెట్టి 13 గంటలు మిగుల్చుకున్నట్టు. పైగా మూసిన టికెట్ల సంఖ్యే పనితీరుకు కొలత అయినప్పుడు, లోపాన్ని సరిచేసినవాళ్లు తమ ఖాతాలోంచి తామే 39 టికెట్లు తీసేసుకున్నట్టు. ఆ 24 గంటల పని నడిచే రోజుల్లో మిగతా టికెట్లు ఆలస్యమై ఎస్‌ఎల్‌ఏ (క్లయింటుకు మాటిచ్చిన గడువు) తప్పితే అదీ వాళ్ల పేరు మీదే. సరిదిద్దిన కోడ్ వల్ల ఇంకోటేదైనా విరిగితే చెప్పనే అక్కర్లేదు.

ఈ టీమ్‌లో బద్ధకస్తులు లేరు, తెలివితక్కువవాళ్లు లేరు. అందరూ రోజంతా తల ఎత్తకుండా పనిచేస్తున్నారు. కొత్త ఆలోచన కూడా పుట్టింది. అది ఆగిపోయింది లెక్క దగ్గర. పనితీరు ఒత్తిడి సృజనను చంపుతుందా పెంచుతుందా అని జరిగే చర్చల్లో చాలావాటికి ఈ చిన్న లెక్క పట్టదు. ఒత్తిడి ఎంత ఉందన్న ప్రశ్న కంటే దేన్ని కొలుస్తున్నారు, ఎన్నాళ్లకోసారి కొలుస్తున్నారు, ప్రయత్నం విఫలమైతే ఏం జరుగుతుంది అన్న మూడు ప్రశ్నలే అసలు సంగతి తేలుస్తాయి.

కొవ్వొత్తి, పిన్నుల పెట్టె

మనిషి ఆలోచన మీద ఒత్తిడి ఏం చేస్తుందో చూపించడానికి మనస్తత్వ శాస్త్రంలో పాత ప్రయోగం ఒకటి ఉంది. కార్ల్ డుంకర్ రూపొందించిన కొవ్వొత్తి సమస్య అది. బల్ల మీద ఒక కొవ్వొత్తి, అగ్గిపెట్టె, ఒక పెట్టె నిండా పిన్నులు ఉంటాయి. మైనం కింద కారకుండా కొవ్వొత్తిని గోడకు నిలబెట్టాలి. చాలామంది మొదట కొవ్వొత్తినే పిన్నులతో గోడకు గుచ్చబోతారు, లేదా మైనం కరిగించి అంటించబోతారు. నిలవదు. దారి ఏమిటంటే పిన్నులు ఒలకబోసి, ఆ ఖాళీ పెట్టెను గోడకు గుచ్చి, దాని మీద కొవ్వొత్తి పెట్టడం. పెట్టె పిన్నులు పెట్టుకోవడానికే అన్న చూపు మారితే తప్ప ఇది తట్టదు.

1962లో సామ్ గ్లక్స్‌బర్గ్ దీనికి డబ్బు జోడించారు. ఒక బృందానికి ఏ బహుమతీ లేదు. రెండో బృందంలో వేగంగా చేసిన నాలుగోవంతు మందికి 5 డాలర్లు, అందరికంటే ముందు చేసినవారికి 20 డాలర్లు. డబ్బు ఆశ చూపిన బృందం సగటున మూడున్నర నిమిషాలు ఎక్కువ తీసుకుంది. ప్రయోగంలో రెండో భాగం గురించి తక్కువమంది మాట్లాడతారు కానీ మేనేజర్లకు పనికొచ్చేది అదే. పిన్నులను ముందే బయట పోసి, పెట్టెను ఖాళీగా పక్కన పెట్టి ఇచ్చినప్పుడు డబ్బు ఆశ ఉన్నవాళ్లే ముందు పూర్తిచేశారు. దారి ఎదురుగా కనిపించే పనిలో ఒత్తిడి కాలికి వేగమిస్తుంది. దారి పక్కకు ఉన్న పనిలో అదే ఒత్తిడి మెడ పక్కకు తిరగనివ్వదు.

మన పక్క రాష్ట్రంలోనూ దీనికి దగ్గరి ప్రయోగం జరిగింది. డాన్ ఏరియలీ, ఊరీ గ్నీజీ, జార్జ్ లోవెన్‌స్టీన్, నీనా మజార్ 2009లో ప్రచురించిన అధ్యయనం కోసం తమిళనాడులోని మదురై ప్రాంతంలో 87 మందితో ఆరు ఆటలు ఆడించారు. కొన్ని చేతి నైపుణ్యానివి, కొన్ని జ్ఞాపకశక్తివి, కొన్ని ఆలోచనవి. ఒక్కో ఆటలో గరిష్ఠ బహుమతి కొందరికి 4 రూపాయలు, కొందరికి 40, కొందరికి 400. అప్పటి గ్రామీణ ఆదాయాలకు 400 చిన్న మొత్తం కాదు. నాలుగు రూపాయలవాళ్లకూ నలభై రూపాయలవాళ్లకూ పెద్ద తేడా కనిపించలేదు. అందరికంటే వెనకబడింది 400 రూపాయల బృందం. అదే పరిశోధకులు అమెరికాలో విద్యార్థులతో రెండు పనులు చేయించి పోల్చారు. కీబోర్డు మీద రెండు మీటలను మార్చి మార్చి నొక్కే పనిలో పెద్ద బహుమతి వేగం పెంచింది. అంకెల పట్టికలో కూడితే 10 వచ్చే జంటను వెతికే పనిలో పెద్ద బహుమతే దెబ్బకొట్టింది.

కాబట్టి డేటా ఎంట్రీలోనో ప్యాకింగ్ లైన్‌లోనో పనిచేసిన టార్గెట్ పద్ధతిని తెచ్చి డిజైన్ టీమ్ మీద పెడితే ఫలితం రాకపోవడంలో వింత లేదు. కీబోర్డు మీటల పనికీ పిన్నుల పెట్టె పనికీ ఒకే మందు రాస్తున్నారంతే.

హడావుడి రోజు, ఆ మర్నాడు

ప్రయోగశాల సంగతి సరే, ఆఫీసులో? హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన థెరెసా అమబీలే బృందం ఏడు అమెరికన్ కంపెనీల్లో 177 మంది ఉద్యోగుల చేత ప్రాజెక్టు నడిచినంత కాలం రోజూ డైరీ రాయించింది. 9,000కు పైగా డైరీ నమోదులు పోగయ్యాయి. 2002లో బయటికొచ్చిన ఆ విశ్లేషణలో, గడువు ఒత్తిడి అత్యధికంగా ఉన్న రోజుల్లో సృజనాత్మకంగా ఆలోచించే అవకాశం 45 శాతం తక్కువగా తేలింది. ఆ రోజుల్లో రాసినవాళ్లు మాత్రం తాము మరింత సృజనతో పనిచేశామనే అనుకున్నారు. పని ఎక్కువ జరిగిన సంతృప్తి వేరు, కొత్తది తట్టడం వేరు. రెండూ లోపలి నుంచి ఒకేలా అనిపిస్తాయి. డెడ్‌లైన్ ఉంటేనే నాకు బుర్ర పనిచేస్తుంది అనేవాళ్ల మాటను అలాగే నమ్మకూడదన్నది ఇందుకే.

ఇంకో అంశం కూడా అందులో ఉంది. ఆ ఒత్తిడి ప్రభావం ఆ రోజుతో పోదు, మర్నాడూ ఆ తర్వాతా ఆలోచన మందగించే ఉంటుంది. శుక్రవారం రాత్రి రిలీజ్ ముగించిన టీమ్‌ను సోమవారం పొద్దున్నే కొత్త ఐడియాల మీటింగ్‌కు పిలిచే అలవాటు చాలాచోట్ల ఉంది. బోర్డు మీద అతికించిన కాగితాల్లో గత ఏడాదివే తిరిగి కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

అయితే గడువు ఒత్తిడి అంతా ఒకే రకం కాదని అదే అధ్యయనం చెబుతుంది. ఒత్తిడిలోనూ కొత్తది పుట్టిన రోజులు కొన్ని ఉన్నాయి. ఆ రోజుల్లో మనుషులు ఒకే పని మీద ఉన్నారు, మధ్యలో ఎవరూ కదిలించలేదు, ఆ తొందర ఎందుకో వాళ్లకు తెలుసు, నమ్మకమూ ఉంది. 1970 ఏప్రిల్‌లో చంద్రుడి వైపు వెళ్తున్న అపోలో 13 వ్యోమనౌకలో ఆక్సిజన్ ట్యాంకు పేలినప్పుడు హ్యూస్టన్‌లోని నాసా ఇంజినీర్లు గాలిని శుభ్రపరిచే చతురస్రపు ఫిల్టర్ డబ్బాలను గుండ్రటి రంధ్రాల వ్యవస్థకు అమర్చే ఉపాయం కనిపెట్టారు. నౌకలో దొరికే ప్లాస్టిక్ సంచులు, అట్టలు, టేపు, గొట్టాలే సామగ్రి. అంతకుమించిన ఒత్తిడి ఉండదు. కానీ ఆ గంటల్లో వాళ్లను స్టేటస్ కాల్‌కు రమ్మన్నవాళ్లు లేరు, టైమ్‌షీట్ నింపమన్నవాళ్లూ లేరు. మామూలు ఆఫీసులో తొందర ఇలా ఉండదు. పది పనులు, పన్నెండు చాట్ గ్రూపులు, ప్రతి అరగంటకూ ఎవరో ఒకరి ఫోను. గానుగెద్దుకు కూడా వేగం ఉంటుంది, అది తిరిగిన చోటే తిరుగుతుంది.

ఎవరి ఏడాది ఎన్ని నెలలు?

ఒత్తిడి లేకుండా చేస్తే సరిపోతుందా అంటే, అదీ కాదు. ఫ్లోరియన్ ఎడరర్, గుస్తావో మాన్సో 2013లో ప్రచురించిన ప్రయోగంలో పాల్గొన్నవాళ్లు కంప్యూటర్ మీద 20 విడతల పాటు నిమ్మరసం బండి నడపాలి. ధర ఎంత, చక్కెర ఎంత, రంగు ఏది, బండి ఎక్కడ పెట్టాలి, అన్నీ వాళ్లిష్టం. ముందున్న మేనేజర్ వదిలిపెట్టిన చీటీలో ఒక పద్ధతి ఉంటుంది, అది పాటిస్తే ఓ మాదిరి లాభం వస్తుంది. అంతకంటే మంచి దారి ఇంకోచోట ఉంది, కానీ వెతికేటప్పుడు కొన్ని విడతలు నష్టపోవాలి. ఒక బృందానికి స్థిర జీతం. రెండో బృందానికి 20 విడతల లాభంలోనూ వాటా. మూడో బృందానికి మొదటి పది విడతల లాభనష్టాలతో సంబంధం లేకుండా, చివరి పది విడతల లాభంలోనే వాటా.

ఎక్కువగా వెతికింది, ఎక్కువగా మంచి దారి పట్టుకుంది మూడో బృందమే. స్థిర జీతం వాళ్లకు వెతకాలన్న తొందర లేదు. ప్రతి విడతకూ లాభం లెక్కవేసుకున్నవాళ్లు చేతికందిన కొమ్మ వదలలేదు. ఇంకో మార్పు చేసి చూశారు. మొదటి పది విడతల్లో లాభం తక్కువైతే ఆట అక్కడే ఆపేస్తామని ముందే చెప్పారు. వెతకడం తగ్గిపోయింది. ఆపేసినా కొంత పరిహారం ఇస్తామన్నప్పుడు వెతకడం తిరిగి పెరిగింది. ఉద్యోగ భాషలో చెప్పాలంటే, మొదటి సగంలో తప్పును ఓర్చుకుని రెండో సగంలో గట్టిగా ఫలితం అడగాలి. ఒత్తిడి ఉండాలి, అది ఆలస్యంగా మొదలవ్వాలి.

శాస్త్ర పరిశోధనలోనూ దీనికి పోలిక దొరుకుతుంది. అమెరికాలో హోవర్డ్ హ్యూస్ వైద్య సంస్థ ఎంపిక చేసిన శాస్త్రవేత్తలకు ప్రాజెక్టు చూసి కాక మనిషిని చూసి నిధులిస్తుంది, కింద చెప్పే అధ్యయనం నాటికి అది ఐదేళ్లకు. ప్రభుత్వ ఆరోగ్య సంస్థల గ్రాంట్లు తక్కువ గడువుతో, ముందే రాసిచ్చిన ప్రణాళికకు కట్టుబడి నడుస్తాయి. సమాన స్థాయి శాస్త్రవేత్తలను పోల్చిన 2011 అధ్యయనంలో మొదటి వర్గం నుంచి బాగా పేరొచ్చిన పరిశోధనా పత్రాలు ఎక్కువ వచ్చాయి. ఎవరూ పట్టించుకోని పత్రాలూ ఆ వర్గం నుంచే ఎక్కువ వచ్చాయి. ఆ రెండోది భరించలేని సంస్థకు మొదటిది దక్కదు.

ఇదే కోవలో త్రీఎం కంపెనీ అనుభవాన్ని తరచూ చెబుతారు. స్పెన్సర్ సిల్వర్ 1968లో గట్టిగా అంటుకోని ఒక వింత జిగురు తయారుచేశారు. గట్టి జిగురు కోసం వెతుకుతున్న చోట అది పనికిరాని సరుకు. 1974లో ఆర్ట్ ఫ్రై దానికొక వాడకం ఆలోచించారు. పోస్ట్-ఇట్ కాగితాలు అమెరికా అంతటా అమ్మకానికొచ్చింది 1980లో. పన్నెండేళ్లంటే 48 త్రైమాసికాలు. ప్రతి త్రైమాసికంలో లాభమెంత అని అడిగి ఉంటే దాదాపు ప్రతిసారీ సున్నాయే వచ్చేది. ఉద్యోగులు తమ సమయంలో 15 శాతం సొంత ఆలోచనలకు వాడుకోవచ్చన్న పద్ధతి ఉన్న కంపెనీ కాబట్టి అది బతికింది.

అదే కంపెనీకి బయటి నుంచి సీఈఓగా వచ్చిన జేమ్స్ మెక్‌నెర్నీ 2001లో సిక్స్ సిగ్మాను అంతటా ప్రవేశపెట్టారు. పది లక్షల అవకాశాల్లో 3.4 లోపాలకు మించకూడదనే ఈ పద్ధతి ఫ్యాక్టరీల్లో వృథాను తగ్గించింది, లాభాలూ పెరిగాయి. పరిశోధన విభాగంలోనూ అదే కొలబద్ద పెట్టారు. ప్రతి దశకూ నివేదిక, ప్రతి ఆలోచనకూ ముందస్తు మార్కెట్ అంచనా. గత ఐదేళ్లలో వచ్చిన ఉత్పత్తుల వాటా అమ్మకాల్లో మూడోవంతు నుంచి నాలుగోవంతుకు పడిపోయిందని 2007 నాటికి పత్రికలు రాశాయి. తర్వాతి సీఈఓ జార్జ్ బక్లీ పరిశోధన విభాగానికి ఆ పట్టు సడలించారు. సిక్స్ సిగ్మాను తప్పుపట్టడానికి చెప్పే కథ కాదిది. తేడాలను తగ్గించడం దాని పని. పరిశోధనకు తేడాలే ముడిసరుకు.

మన ఐటీ సేవల రంగం లెక్క ఇంకా బిగుతు. 2025 జూన్‌లో టీసీఎస్ ఏడాదికి కనీసం 225 బిల్లింగ్ రోజులు ఉండాలని, బెంచ్ మీద, అంటే ఏ ప్రాజెక్టూ లేకుండా, 35 రోజులకు మించకూడదని నిబంధన తెచ్చింది. రెండూ కూడితే 260. వారానికి ఐదు రోజుల చొప్పున ఏడాదిలో ఉండేవి అన్నే. క్లయింటుకు బిల్లు పడే రోజు, పడని రోజు, ఈ రెండు గళ్లే ఉన్న పట్టికలో కొత్తది ప్రయత్నించిన రోజుకు గడి ఏదో చెప్పడం కష్టం. హైదరాబాద్, బెంగళూరుల్లో ఆ రంగమంతా కొద్దిగా అటూ ఇటూగా ఇదే యుటిలైజేషన్ (పనిరోజుల్లో బిల్లు పడేవి ఎన్ని అన్న) లెక్క మీద నడుస్తుంది. గంటకింత అని బిల్లు వేసే కాంట్రాక్టులో ఇంకో చిక్కు ఉంది. పది గంటల పనిని రెండు గంటలకు తగ్గించే స్క్రిప్టు రాసిన ఇంజినీరు తన కంపెనీకి ఎనిమిది గంటల ఆదాయం తగ్గించినట్టు. ఆదా అయినదాంట్లో ఇరువైపులా వాటా ఉండేలా కాంట్రాక్టులోనే రాసుకోకపోతే మేనేజరు ఆ స్క్రిప్టును మెచ్చుకుంటూనే పక్కన పెడతాడు.

పక్కవాడితో పోటీ

అందరినీ ఒక వరుసలో నిలబెట్టి ర్యాంకులు ఇచ్చే పద్ధతి ఒత్తిడిలో మరో రకం. అమెరికా కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్ (జీఈ)లో సీఈఓ జాక్ వెల్చ్ కాలంలో పై 20 శాతం, మధ్య 70, కింది 10 అన్న విభజన పేరుపొందింది. మైక్రోసాఫ్ట్ ఇలాంటి పద్ధతిని చాలా ఏళ్లు నడిపి 2013 నవంబరులో ఎత్తేసింది. మన దగ్గర దీన్నే బెల్ కర్వ్ అంటారు, ఆ మాట తెలియని ఐటీ ఉద్యోగి ఉండరు.

పదిమంది టీమ్‌లో ఒకరు తప్పనిసరిగా అడుగున ఉండాలి అన్నప్పుడు ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. సగం ఆలోచన ఉన్నవాళ్లు దాన్ని మీటింగులో చెప్పరు, ఎందుకంటే మిగతా సగం పూరించినవాళ్లకు పేరొస్తుంది. తమకంటే గట్టివాళ్లున్న టీమ్‌లోకి వెళ్లడానికి వెనకాడతారు. పక్కవాళ్ల కోడ్ చూసిపెట్టడం, కొత్తవాళ్లకు నేర్పడం వంటి పనులు ఎవరి ఖాతాలోనూ పడవు కాబట్టి అవి మొదట పోతాయి. కొత్త ఆలోచన చాలావరకు ఇద్దరి సగం ఆలోచనలు కలిసిన చోట పుడుతుంది. ఈ పద్ధతి సరిగ్గా ఆ చోటే గోడ కడుతుంది.

ఒత్తిడి మరీ శ్రుతిమించితే సృజన ఆగదు, దారి తప్పుతుంది. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఒక్కో కస్టమర్‌కు ఎనిమిది ఉత్పత్తులు అమ్మాలన్న లక్ష్యం పెట్టింది. ఉద్యోగులు కస్టమర్లకు తెలియకుండానే వాళ్ల పేర ఖాతాలు తెరిచారు. 2016లో బ్యాంకుకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, అప్పటికే సుమారు 5,300 మందిని తీసేశారు. దొంగ ఈమెయిల్ చిరునామాలు సృష్టించడానికీ బుర్ర కావాలి. లక్ష్యం అందనంత ఎత్తులో ఉండి, అందదని చెప్పే వీలు లేనప్పుడు ఆ బుర్ర వేరే పనికి మళ్లుతుంది.

ఖాళీ ఎంత, ఎలా?

ముందు సమయం సంగతి. ఎనిమిది మంది టీమ్, పది పనిదినాల స్ప్రింట్ (ముందే ప్రణాళిక వేసుకున్న ఒక విడత పని), మీటింగులు పోను మనిషికి రోజుకు ఆరు గంటలు అనుకుంటే 480 గంటలు. చాలా టీమ్‌లు 480కి 480 నింపేస్తాయి. అలా నింపినప్పుడు కొత్త పని దూరడానికే కాదు, మామూలు పని కదలడానికీ చోటుండదు. పనులు ఎప్పుడు పడతాయో, ఒక్కోటి ఎంతసేపు పడుతుందో ముందే తెలియని చోట క్యూ సిద్ధాంతం చెప్పే లెక్క ఇది. సామర్థ్యంలో 80 శాతం నిండితే ఒక పని తన వంతు కోసం సగటున తన నిడివికి నాలుగు రెట్లు ఆగాలి. 90 శాతానికి తొమ్మిది రెట్లు. 95 శాతానికి 19 రెట్లు. చివరి 15 శాతం పిండుకోవడానికి చెల్లించే ధర అది. 480 గంటల్లో 400 దాకా ప్రణాళిక వేసి మిగతాది వదిలితే పని తగ్గినట్టు కనిపిస్తుంది, బయటికి వెళ్లే సరుకు మాత్రం తగ్గకపోవచ్చు.

వదిలిన సమయాన్ని ఎలా పంచారన్నది దాదాపు అంతే ముఖ్యం. 480లో ఐదు శాతం అంటే 24 గంటలు. ఎనిమిది మందికి తలా మూడు గంటలు పంచితే అది రోజుకు 18 నిమిషాలు, టీ తాగేలోపు అయిపోతుంది. అదే 24 గంటలను ఇద్దరికి పూర్తిగా రెండు రోజులు ఇస్తే, మొదట చెప్పిన బ్యాచ్ జాబ్ లోపం లాంటిది ఒక స్ప్రింట్‌లో తీరుతుంది. తర్వాతి స్ప్రింట్‌లో ఇంకో ఇద్దరు. ఆ రెండు రోజులు వాళ్లను ఆన్-కాల్ (అత్యవసరమైతే పిలిచేవాళ్ల) జాబితాలోంచి తీసేయాలి. ఈ ఒక్కటి చేయకపోతే మిగతా ఏర్పాటంతా దండగ.

తర్వాత కొలత. మూసిన టికెట్లతో పాటు రాకుండా పోయిన టికెట్లను కూడా లెక్కలోకి తేవాలి. ఒక లోపానికి ఒక గుర్తింపు కోడ్ పెట్టి, సరిచేయకముందు 13 వారాల్లో ఎన్ని వచ్చాయో, సరిచేశాక 13 వారాల్లో ఎన్ని వచ్చాయో రాస్తే చాలు. తేడాను సరిచేసినవాళ్ల ఖాతాలో, వరుసగా నాలుగు త్రైమాసికాల పాటు వేయాలి. ఇక్కడ జరిగే మోసం కూడా ముందే తెలుసుకోవాలి. అదే సమస్యను వేరే కోడ్ కింద నమోదు చేస్తారు. నెలకు ఓ 20 టికెట్లు యాదృచ్ఛికంగా తీసి, ఆ పనితో సంబంధం లేని ఒకరు చదివితే ఇది బయటపడుతుంది.

విఫలమైన ప్రయత్నాన్ని నమోదు చేసే తీరు మీద చాలా ఆధారపడి ఉంటుంది. మొదలుపెట్టేముందే అరపేజీ కాగితం చాలు. ఏం జరుగుతుందనుకుంటున్నాం, గరిష్ఠంగా ఎన్ని గంటలు పెడతాం, ఏం కనిపిస్తే ఆపేస్తాం. మూడోది రాయనివాటికి అనుమతి ఇవ్వకపోవడం మంచిది, ఎందుకంటే ఆపే గుర్తు ముందే లేకపోతే పరువు కోసం పాకులాట మొదలవుతుంది. ముందే రాసుకున్న ఆ గుర్తు దగ్గర ఆగిన ప్రయత్నాన్ని సవ్యంగా ముగిసిన పనిగానే చూడాలి, రేటింగ్‌లో దాని ప్రస్తావన ఉండకూడదు. అబద్ధాలు, టెస్టులు ఎగ్గొట్టడం, తెలిసిన జాగ్రత్త తీసుకోకపోవడం వేరు. వాటిని సృజన పేరుతో కాపాడితే మిగతావాళ్లకు నమ్మకం పోతుంది.

ఆసుపత్రుల్లో మందుల పొరపాట్ల మీద అధ్యయనం చేసిన అమీ ఎడ్మండ్‌సన్‌కు 1990లలో ఒక తలకిందుల ఫలితం ఎదురైంది. మంచి నాయకత్వం, మంచి సంబంధాలు ఉన్న వార్డుల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. లోతుగా చూస్తే అక్కడ ఎక్కువ తప్పులు జరుగుతున్నాయని చెప్పే ఆధారం కంటే, అక్కడ నోరు విప్పి చెబుతున్నారన్న సూచనే బలంగా కనిపించింది. తన విభాగంలో వైఫల్యాలు సున్నా అని స్లైడ్ వేసే మేనేజరును ఈ దృష్టితో ఇంకో ప్రశ్న అడగాలి: తప్పులు జరగడం లేదా, చెప్పడం లేదా?

సంఖ్య లక్ష్యంగా మారితే మంచి పద్ధతి కూడా ఎలా వట్టిపోతుందో క్వాలిటీ సర్కిళ్ల చరిత్రలో చూడొచ్చు. 1962లో జపాన్‌లో పుట్టిన ఈ పద్ధతి మన దేశంలో తొలిసారి అడుగుపెట్టింది హైదరాబాద్ శివార్లలోని రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లోనే, 1980ల మొదట్లో. దాన్ని నడిపించిన ఎస్.ఆర్. ఉడుప చొరవతో 1982లో క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా ఏర్పడింది, దాని ప్రధాన కార్యాలయం నేటికీ సికింద్రాబాద్‌లో ఉంది. పద్ధతి సులువు. ఫ్యాక్టరీలో ఒకే విభాగంలో పనిచేసే ఆరు నుంచి పదిమంది, ఇష్టమున్నవాళ్లే, వారానికో గంట కూర్చుని తమ పనిలోని చిక్కునే ఎంచుకుంటారు, కారణాలు వెతుకుతారు, పరిష్కారాన్ని యాజమాన్యం ముందు పెడతారు. ఇష్టమున్నవాళ్లే అన్న మాట, తమ చిక్కునే అన్న మాట, ఈ రెండిటి మీదే అంతా నిలబడింది. ప్రతి విభాగం ఏడాదికి ఇన్ని సర్కిళ్లు, ప్రతి ఉద్యోగి నెలకు ఇన్ని సూచనలు అని కోటా పెట్టగానే సూచనల పెట్టెలో ఫ్యాను మార్చండి, డస్ట్‌బిన్ జరపండి మొదలవుతాయి. పెద్ద చిక్కు తెలిసినవాళ్లు దాన్ని పన్నెండు ముక్కలు చేసి నెలకొకటి వేస్తారు.

హ్యాకథాన్లు, అంటే ఏకబిగిన కూర్చుని కొత్త నమూనాలు తయారుచేసే పోటీలు, ఇదే జబ్బుకు కొత్త రూపం. 24 గంటలు నిద్ర మానేసి తయారుచేసిన నమూనాకు సోమవారం యజమాని ఎవరో తేలదు. గెలిచిన ఆలోచనకు కనీసం రెండు వారాలు, ఒక బాధ్యుడు, ప్రొడక్షన్ డేటా చూసే అనుమతి ముందే రాసిపెట్టకుండా హ్యాకథాన్ ప్రకటించడం టీషర్టులు పంచే కార్యక్రమమే అవుతుంది.

అప్రైజల్ కాలం కూడా గమనించాలి. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగిసే చోట జనవరి నుంచి మార్చి దాకా అందరి చూపూ అంకెల మీదే ఉంటుంది. ఆ మూడు నెలల్లో కొత్త ప్రయోగం మొదలుపెట్టమంటే తలూపుతారు, చేయరు. ఏప్రిల్, మే నెలల్లో మొదలుపెట్టి, సెప్టెంబరు దాకా ఫలితం అడగకుండా, అక్టోబరు నుంచి గట్టిగా అడిగితే నిమ్మరసం బండి ప్రయోగంలో మూడో బృందానికి ఇచ్చిన కాలపట్టిక ఇక్కడికి వచ్చినట్టే. దీనికి అదనపు బడ్జెట్ అక్కర్లేదు. క్యాలెండర్‌లో రెండు రివ్యూ మీటింగుల తేదీలు మార్చాలి, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా మధ్యలో పై మేనేజరు నుంచి వచ్చే "అప్‌డేట్ ఏంటి?" అన్న మెయిల్‌కు టీమ్ లీడర్ ఒక్కరే జవాబిచ్చుకోవాలి.